పోరు పల్లెల చరిత్ర – 14: నవలకెక్కిన యుద్ధం, నవలకెక్కని సిపాయి

పోయిన భాగం 1978 సెప్టెంబరు 7న జగిత్యాల వీధుల్లో ఆగింది. ఊరూరి నుంచి బండ్లు కట్టుకొని, కాలినడకన, సంగం జెండాలు పట్టుకొని వేల మంది కూలీలు, రైతులు పట్నానికి వచ్చిన రోజు అది. జగిత్యాల జైత్రయాత్ర అన్న పేరు దానికి అప్పుడే స్థిరపడింది. ఆ తర్వాత ఏం జరిగిందో పోలీసు రికార్డుల్లో ఉంది, పత్రికల్లో ఉంది, పౌరహక్కుల సంఘాల నివేదికల్లో ఉంది. కానీ ఆ ఊరేగింపులో నడిచిన ఇరవై ఏళ్ల పిల్లగాడి గుండెలో ఏముందో వాటిలో దొరకదు. దానికి నవలలే దిక్కు. అందుకే ఈ భాగం నవలల మీద.

యుద్ధంలో పాల్గొన్నవాడి అనుభవాన్ని నవలగా రాయడం ప్రపంచంలో ఇరవయ్యో శతాబ్దంలోనే పెద్ద సాహిత్య శాఖగా ఎదిగింది. జర్మన్ రచయిత రెమార్క్‌ను పద్దెనిమిదేళ్ల వయసులో, 1916లో, సైన్యంలోకి తీసుకున్నారు. మరుసటి ఏడాది గాయపడ్డాడు. పన్నెండేళ్లు ఆ అనుభవాన్ని లోపల మోసి, 1929లో ‘ఆల్ క్వయట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’ పేరుతో ప్రపంచానికి తెలిసిన నవలను అచ్చువేశాడు. అందులో వీరగాథ లేదు. బురద, ఆకలి, పేలు, పక్కవాడి చావు ఉన్నాయి. నాలుగేళ్లకు హిట్లర్ మనుషులు దాన్ని బెర్లిన్ నడివీధిలో తగలబెట్టారు. సిపాయి నిజం చెబితే రాజ్యాలకు ఎంత కోపమో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన దేశంలో ఆ పని చేసినవాడు ముల్క్‌రాజ్ ఆనంద్. ఆయన 1940లో వెలువరించిన ‘అక్రాస్ ద బ్లాక్ వాటర్స్’లో కథానాయకుడు లాలూ పంజాబు రైతుబిడ్డ. కుటుంబం భూమి పోగొట్టుకుంది. తెల్లదొరల సైన్యంలో చేరి ఫ్రాన్సు కందకాల్లో పోరాడితే పోయిన భూమి తిరిగి రావచ్చని వాడి ఆశ. రెండేళ్లకు వచ్చిన తరువాయి నవలలో అదే లాలూ యుద్ధఖైదు నుంచి ఇంటికి వచ్చి రైతు ఉద్యమంలోకి దిగుతాడు. ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి జగిత్యాల! అయినా ఈ రెండింటినీ కలిపేది ఒకటే, భూమి. ఈ సంగతి గుర్తుంచుకొని ముందుకు పోదాం.

తెలుగులో అలాంటి సిపాయి నవలలు ఎందుకు తక్కువ? మనవాళ్లు యుద్ధాలకు పోక కాదు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. 1857 తర్వాత ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం బలపడింది. మద్రాసు సైన్యానికి, తర్వాత మొత్తం భారత సైన్యానికి సర్వసేనానిగా చేసిన లార్డ్ రాబర్ట్స్, దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారని గట్టిగా వాదించాడు. భర్తీ పంజాబు వైపు, నేపాలు వైపు మళ్లింది. నిజాం సంస్థానం సంగతి ఇంకొకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం లాన్సర్ల దళం ఈజిప్టు, పాలస్తీనా దాకా పోయింది గానీ, జగిత్యాల తాలూకా మాల పిల్లగాడికో సిరిసిల్ల పద్మశాలి పిల్లగాడికో ఆ గుర్రమెక్కే యోగం ఎక్కడిది? సర్కారు సైన్యంలో మన పల్లెజనానికి చోటు లేదు. చోటు లేనప్పుడు సైనికుడి నవల ఎలా పుడుతుంది?

పుట్టింది మాత్రం మరో తోవలో. యుద్ధమే పల్లెలోకి నడిచి వచ్చింది.

అది మొదట 1947, 48లలో నిజాం వ్యతిరేక పోరాటంగా వచ్చింది. కరీంనగర్ ప్రాంతంలో ఆ కాలపు పేర్లు రెండు చెప్పుకోవాలి. సిరిసిల్ల దగ్గరి గాలిపెల్లిలో పుట్టిన బద్దం ఎల్లారెడ్డి, పోలంపల్లికి చెందిన అనభేరి ప్రభాకరరావు. ప్రభాకరరావు 1948 మార్చి 14న మహ్మదాపురం గుట్టల దగ్గర సహచరులతో కలిసి నిజాం పోలీసులతో పోరాడుతూ నేలకొరిగాడు. ఎల్లారెడ్డి బతికి, 1952లో కరీంనగర్ నుంచి పార్లమెంటుకు గెలిచాడు. ఒకే పోరాటంలో ఒకరికి గుట్ట, ఒకరికి సభ.

అదే కాలంలో సంస్థానం సరిహద్దు దాటి, చాందా శిబిరం నుంచి నిజాం వ్యతిరేక పోరాటంలో పనిచేసిన ఒక యువకుడు తర్వాత కథ రాశాడు. ఆయన పాములపర్తి వెంకట నరసింహారావు. 1949లో ‘కాకతీయ పత్రిక’లో ‘విజయ’ అనే కలంపేరుతో ఆయన రాసిన ‘గొల్ల రామవ్వ’ నా లెక్కలో కరీంనగర్ గడ్డ యుద్ధసాహిత్యానికి మొదటి మెట్టు. నిజాం పోలీసులతో తలపడి, తరుముతుంటే పారిపోయి వచ్చిన పిల్లగాడు రాత్రివేళ ఒక ముసలమ్మ గుడిసెలో చొరబడతాడు. పోలీసులు వచ్చి నిలదీస్తే ఆమె వాణ్ని తన మనుమరాలి మొగుడని చెప్పి కాపాడుతుంది. కథ పోరాట యోధుడిదే అయినా పేరు ముసలమ్మది. ఆయుధం పట్టినవాడు రాసిన కథలో ఆయుధం లేని మనిషికి పెద్దపీట వేయడం మామూలు విషయం కాదు. దాక్కొని బతికినవాడికే తెలుస్తుంది తలుపు తీసిన చేతి విలువ.

చరిత్ర విచిత్రం చూడండి. ఆ కథకుడే 1957 నుంచి 1977 దాకా మంథని శాసనసభ్యుడు, 1971లో ముఖ్యమంత్రి. భూసంస్కరణలకు పట్టుబట్టాడు. 1973 నాటి భూ పరిమితి చట్టానికి పునాది ఆయన ప్రభుత్వంలోనే పడింది. ఆ చట్టం ఊళ్లలోకి వచ్చేసరికి పట్టాలు పాలేర్ల పేర్ల మీదికి, పశువుల కొట్టంలో పనిచేసేవాళ్ల పేర్ల మీదికి, పుట్టని బిడ్డల పేర్ల మీదికి మారిపోయాయి. భూమి మాత్రం దొర చేతిలోనే ఉంది. చట్టం చేసినా భూమి రానప్పుడు జనం ఏం చేస్తారు? జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు 1978లో ఇచ్చిన జవాబు అదే.

ఎమర్జెన్సీ ఎత్తేశాక చదువుకునే పిల్లలు సెలవుల్లో ఊళ్లబాట పట్టారు. రైతుకూలీ సంగాలు పుట్టాయి. కోరుట్ల దగ్గరి చిన్నమెట్‌పల్లి, జగిత్యాల వైపు మద్దునూరు, లొత్తునూరు, సిరిసిల్ల వైపు నిమ్మపల్లి లాంటి ఊళ్ల పేర్లు పత్రికలకెక్కాయి. కోరికలు చూస్తే చాలా చిన్నవి. వెట్టి బందు కావాలి. జీతగాడికి జీతం పెరగాలి. దొర వేసిన దండుగలు వాపసు కావాలి. బంజరు భూమి సాగు చేసుకోనివ్వాలి. దీని కోసమా తుపాకులు దిగింది అని ఈ కాలపు పిల్లలు అడుగుతారు. అవును, దీని కోసమే.

ఆ పోరాటంలో మొదటి ఆయుధం తుపాకీ కాదు, పని ఆపేయడం. దొరను ఊరు బహిష్కరించింది. తెల్లారి చాకలి గడి వైపు పోలేదు. మంగలి పొది విప్పలేదు. జీతగాడు కొట్టం దగ్గరికి రాలేదు. పాలు పిండేవాళ్లు లేక బర్రెలు అరిచాయి. ఏనాడూ చీపురు పట్టని చేతులు వాకిలి ఊడ్చుకోవలసి వచ్చింది. పక్క ఊరి నుంచి కూలీలను పిలిపించుకుంటే ఆ ఊరి సంగం అడ్డుకుంది. ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క మాట తూలకుండా, తరాల నాటి పెత్తనానికి ఎంత పని ఊరు చేసిపెడుతున్నదో ఊరే లెక్క చూపించింది. ఆ రోజుల గురించి రాసిన నవలల్లో నాకు అన్నిటికంటే బలమైనవిగా కనిపించేవి ఈ ఘట్టాలే, కాల్పుల ఘట్టాలు కావు.

ప్రభుత్వం జవాబు అక్టోబరులో వచ్చింది. మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దానికి వాడిన చట్టం కొత్తది కాదు, మద్రాసు రాష్ట్ర కాలం నాటి 1948 చట్టం. శ్రీకాకుళంలో అంతకుముందే దాన్ని ప్రయోగించారు. ఆ చట్టం కింద నిషేధాజ్ఞ ఉన్నచోట ఐదుగురు గుమిగూడితే, లేదా ఆయుధం పట్టుకొని కనిపిస్తే, సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి హెచ్చరిక చేసి కాల్పులకు దిగవచ్చు, ప్రాణం పోయినా సరే. ఆ అధికారి మీద కేసు వేయాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. ఐదుగురంటే ఎంత? నాట్లకు పోయే కూలీల గుంపులో అంతకు ఎక్కువే ఉంటారు. చావు దగ్గర, పెండ్లి దగ్గర, బావి దగ్గర అంతకు ఎక్కువే ఉంటారు. కాగితం మీద ఒక సంతకంతో రెండు తాలూకాలు యుద్ధరంగమయ్యాయి. క్యాంపులు వెలిశాయి. ఇండ్ల మీద దాడులు, మూకుమ్మడి అరెస్టులు మొదలయ్యాయి. సంగం పిల్లలు రాత్రి ఇంట్లో పడుకోవడం మానేశారు. సంగం సభ్యుడు సిపాయిగా మారింది ఇక్కడే.

మరుసటి ఏడాదే, 1979లో, అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ నవల వచ్చింది. మంథని ప్రాంతపు గాజులపల్లి ఆయనది. సంఘటన జరిగిన ఏడాదికే నవల రావడం అంటే, రాసినవాడు దూరం నుంచి చూసి రాయలేదన్నమాట. కరీంనగర్ పల్లె మాట, తిట్టు, కూలి లెక్క, కల్లు మండువ కబుర్లు, గడి ముందు నిలబడ్డ మనిషి భయం, ఆ భయం పోయే క్షణం, అన్నీ పచ్చిగా పడ్డాయి అందులో. రెమార్క్ పన్నెండేళ్లు ఆగి రాశాడు. రాజయ్య మంట చల్లారకముందే రాశాడు. రెండిటికీ లాభనష్టాలున్నాయి. వెంటనే రాసినదానికి వేడి ఉంటుంది, వివరం ఉంటుంది, నమ్మకం ఉంటుంది. ఆగి రాసినదానికి ప్రశ్న ఉంటుంది.

జగిత్యాలలోనే పుట్టిన బి.ఎస్. రాములు వేరే రంగాన్ని ఎంచుకున్నారు. ఆయన ‘బతుకుపోరు’ నవల బీడీ కార్మికులది. ఈ రెండు తాలూకాల ఆడవాళ్ల చరిత్ర బీడీ లేకుండా రాయలేం. ఒళ్లో చాట, చాటలో నానిన తునికాకు, తంబాకు, దారం. రేకు అచ్చు పెట్టి కత్తెరతో ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం కట్టి పక్కన పెట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. మాట్లాడుతున్నా, పిల్లకు పాలిస్తున్నా, కేసుల్లో ఇరుక్కున్న కొడుకు జాడ కోసం ఎదురుచూస్తున్నా ఆ వేళ్లు ఆగవు. కార్ఖానాలో చాటన్ పేరుతో ఏరివేసేటప్పుడు పోయే బీడీలకు లెక్క ఉండదు. ‘బతుకుపోరు’ను యుద్ధనవల అనవచ్చా అని ఎవరైనా అడిగితే, అనాలి అంటాను. యుద్ధానికి పోయినవాడి ఇల్లు ఎవరి చేతి మీద నడిచిందో చెప్పని నవల సగం నవలే.

1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్‌వార్ ఏర్పడింది. అదే ఏడాది దళాలు గోదావరి దాటి అడవికి పోయాయి. జగిత్యాల దగ్గరి బీర్‌పూర్‌లో పుట్టి, ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత ఆ పార్టీకే సారథి అయిన ముప్పాళ్ల లక్ష్మణరావు కథ అందరికీ తెలిసిందే. నాకు ముఖ్యం అనిపించేది పేరు తెలియని వాళ్ల కథ. అడవిలోకి పోయిన ఆ జీవితం 1990లో వచ్చిన రాజయ్య ‘వసంతగీతం’ నవలలో కనిపిస్తుంది. అంతకుముందు 1983లో సాహుతో కలిసి ఆయన ‘కొమురం భీం’ రాశాడు. 1940లో జోడేఘాట్ గుట్ట మీద నిజాం బలగాలతో పోరాడి చనిపోయిన గోండు వీరుడి నవల అది. 1980ల్లో పోరాడుతున్నవాళ్లు 1940 నాటి పూర్వీకుణ్ని వెతుక్కున్నారు. సాధన కలంపేరుతో వచ్చిన ‘రాగో’ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇష్టం లేని పెండ్లి తప్పించుకొని పారిపోయిన గోండు పిల్ల దళంలో చేరుతుంది. భుజాన తుపాకీ వేసుకున్న ఆడమనిషి లోపలి నుంచి చూసిన యుద్ధం తెలుగులో అప్పటికి అరుదు.

ఇక ఊళ్ల సంగతి. కల్లోలిత ప్రాంతం అన్న ముద్ర పడ్డాక పిల్లగాండ్లకు రెండే తోవలు మిగిలాయి. అడవికి పోనివాడు బొంబాయికి, దుబాయికి పోయాడు. గంభీరావుపేట వైపు నుంచి వచ్చిన పెద్దింటి అశోక్‌కుమార్ ‘ఎడారి మంటలు’ నవల ఆ గల్ఫు వలసదే. ఒక తరం ఊరు విడిచిపోవడానికి కరువు, మగ్గాల దెబ్బ, అప్పులు కారణాలని లెక్కల్లో రాస్తారు. క్యాంపు భయం కూడా కారణమే. కొడుకు కండ్ల ముందు ఉంటే కాల్చేస్తారో, తీసుకుపోతారో అని అప్పు చేసి వీసా కొన్న తల్లిదండ్రులు ఎంతమందో ఆ లెక్కల్లో ఉండదు.

ఇప్పుడు అవతలి పక్క చూద్దాం. ఈ యుద్ధంలో యూనిఫాం వేసుకున్న సిపాయిలు కూడా ఉన్నారు. క్యాంపులో రాత్రి కాపలా కాసిన కానిస్టేబుల్ ఎవరు? వాడూ ఎకరం రెండెకరాల రైతు కొడుకే, ఎక్కువసార్లు దళితుడో బీసీనో. పదో తరగతో ఇంటరో పాసై, కొలతలకు నిలబడి, పరుగు పందెం గెలిచి, నెలజీతం కోసం చేరినవాడు. కూంబింగుకు పొమ్మంటే పోయాడు. మందుపాతర పేలితే ముక్కలయ్యాడు. 1989లో గ్రేహౌండ్స్ ఏర్పాటయ్యాక ఆ యుద్ధం పద్ధతే మారిపోయింది. దాన్ని తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాదు స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. పెద్ద అధికారుల మాట పత్రికల్లో వచ్చింది. కానిస్టేబుల్ మాట రాలేదు.

ఆ లోటును కొంత తీర్చిన పుస్తకం ఒకటుంది. ‘స్పార్టకస్’ కలంపేరుతో వచ్చిన ‘ఖాకీ బతుకులు’. పోలీసుశాఖలో పనిచేసిన దళిత రచయిత ఆ శాఖ అడుగుపొరల బతుకును రాసిన నవల అది. పై అధికారి ఇంట్లో ఊడిగం, కులం పేరుతో చిన్నచూపు, సెలవు దొరకని చాకిరీ, వీటి మధ్య నలిగే మనిషి అందులో ఉన్నాడు. ఊళ్లో దొర చేయించుకున్న వెట్టికీ, బంగళాలో అధికారి చేయించుకునే వెట్టికీ తేడా ఏమిటని ఆ నవల చదివాక అడగకుండా ఉండలేం. ఉద్యమ నవలల పక్కన దీన్ని పెట్టి చదవాలి. అప్పుడే తెలుస్తుంది, 1978 తర్వాత ఈ పల్లెల్లో ఎదురెదురుగా నిలబడ్డవాళ్లు ఒకే రకం ఇండ్ల నుంచి వచ్చారని.

ఈ నవలల మీద నాకు గౌరవం ఉంది. అవి లేకపోతే కరీంనగర్ పల్లెల ఇరవై ఏళ్ల చరిత్ర ఎఫ్‌ఐఆర్‌లకే మిగిలేది. అయినా ఒక మాట చెప్పాలి. ఉద్యమం నుంచి వచ్చిన నవలల్లో సిపాయికి అనుమానం తక్కువ. వాడు భయపడతాడు గానీ భయాన్ని గెలుస్తాడు. అలసిపోతాడు గానీ తెల్లారేసరికి లేస్తాడు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి ఊరివాణ్నే చంపిన రాత్రి వాడికి నిద్ర ఎలా పట్టిందో ఆ నవలలు గట్టిగా అడగలేదు. వియత్నాంలో గెలిచిన పక్షాన పోరాడిన బావో నిన్, యుద్ధం ముగిసిన పదిహేనేళ్లకు, 1990లో, ‘యుద్ధ విషాదం’ గురించి నవల రాశాడు. గెలిచినవాడి దుఃఖం అది. సొంత పక్షం నొచ్చుకుంటుందని తెలిసీ రాశాడు. అలాంటి నవల జగిత్యాల నుంచి, కోరుట్ల నుంచి, సిరిసిల్ల నుంచి రావలసి ఉంది. దళంలో పనిచేసి లొంగిపోయి, ఇప్పుడు కిరాణా దుకాణం నడుపుకుంటున్నవాడు రాయాలి. మోకాలి కింద కాలు పోగొట్టుకొని రిటైరైన కానిస్టేబుల్ రాయాలి. ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ని అడవికి, ఒకణ్ని పోలీసుకు పంపిన తల్లి చెబితే మనుమరాలు రాయాలి.

కాలం ఎక్కువ లేదు. జైత్రయాత్రలో ఇరవై ఏళ్ల వయసులో నడిచినవాళ్లు డెబ్బైకి చేరుతున్నారు. ఈ వ్యాసం చదువుతున్న మీలో అలాంటివాళ్లు ఉంటే, మీ ఇంట్లో అలాంటి అవ్వ తాత ఉంటే, ఒక నోటుబుక్కు కొనివ్వండి. రాయలేకపోతే ఫోన్‌లో రికార్డు చేయండి. పేర్లు మార్చుకోవచ్చు, ఊరి పేరు మార్చుకోవచ్చు, ఏ పక్షాన ఉన్నా ఫరవాలేదు. పాత నవలల మొదటి ముద్రణలు, సంగం కరపత్రాలు, జైలు ఉత్తరాలు అటక మీద ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. మీ పట్టణ గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి.

(వచ్చే భాగం: సిరిసిల్ల మరమగ్గాలు)